ఎర్ర గీత నొక్కిన వేలు

వెంకటయ్య బావిలో పోయి ఇంకా దినాలైనా కాలేదు, తమ్ముడు నాగేశ్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అన్న నీళ్లలో ఉన్నాడని తెలిసీ మోటారు నడవనిచ్చి చంపాడన్నది అతని మీద నేరం. సాయంత్రం జడ్జి ముందు నిలబెడతారు. ఆ బావి మోటారును ఫోన్‌తో నడిపే ‘నీటివంతు’ యాప్‌లో తెలుగు మాటలన్నీ నిరోష రాసినవే. ఈ కేసులో పోలీసులకు తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు. దాన్ని ఎవరికి చెప్పాలా అని సతమతమవుతూ వనపర్తిలో ఆఫీసు మెట్లు దిగుతుంటే, నాగేశ్ భార్య స్వరూప దారికి అడ్డంగా నిలబడింది. కిందటి వారం కథ ఆగింది ఆ మెట్ల మీదే.

“సదువు,” అంది స్వరూప, ఫోన్‌ను నిరోష మొహం ముందు పెట్టి. “నువ్వు రాసిందే గద మేడం. జర బయటికి సదువు.”

ఫోన్‌లో యాప్ సెట్టింగుల పేజీ తెరిచి ఉంది. అడుగున అడ్డంగా, బటన్‌లా నొక్కేందుకు ఒక లావాటి ఎర్ర గీత. దాని మీద తెల్లటి అక్షరాలు: ‘నా వంతు మాత్రమే ఆపు.’ కింద ఇంకో వరుస, కొంచెం చిన్నగా: ‘పాలోళ్ల వంతు మొదలవగానే మోటారు మళ్లీ నడుస్తుంది.’

నిరోష చదవలేదు. ఆ రెండు వరుసలు ఆమెకు కళ్లు మూసుకున్నా కనిపిస్తున్నాయి.

“ఎస్సై సారు గిదే చూపెట్టిండు మా ఆయనకు. ఇంత సాఫ్‌గ రాసుంటే, మోటారు మొత్తానికే ఆగిందనుకున్న అంటవేందిరా అని ఒకటే గద్దింపు. ఈయనేమో, అప్పుడు గిట్ల లేకుండె సార్, ఉత్తగ ‘మోటారు ఆపు’ అని ఉండె అంటుండు. ఎవ్వరు నమ్ముతలేరు. నేను గూడ నమ్ముతలేను. నువ్వు చెప్పు. గిట్ల ఉండెనా, లేకుండెనా?”

అన్నదమ్ములు విడిపోతే భూమిని తాడేసి కొలుచుకోవచ్చు. బావిని కొలిచి పంచుకోలేరు; అందులో అందరూ పాలోళ్లే, వాటా ఉన్నవాళ్లే. అందుకని నీళ్లను పొద్దుతో పంచుకుంటారు. పొద్దుటి పూట వెంకటయ్య వంతు, పొద్దు తిరిగాక నాగేశ్ వంతు. ఒకరి వంతులో ఇంకొకరు మోటారు ముట్టుకోకూడదు. ఎండాకాలంలో ఆ ఊళ్లో తలలు పగిలేది ఈ కట్టు తప్పినప్పుడే. అందుకే యాప్ పెట్టుకునేటప్పుడు ఊరి పెద్దలు ఒక్క మాట మీద నిలబడ్డారు. ఒకరి ఫోన్‌తో ఇంకొకరి నీళ్లు ఆగకూడదు. కంపెనీ యజమాని మల్లికార్జున్ సరేనని అలాగే చేయించాడు. ఎర్ర గీత ఎవరు నొక్కినా వారి వంతు వరకే మోటారు ఆగుతుంది. రెండోవారి సమయం రాగానే తనంతట తానే లేస్తుంది.

యాప్ పనిచేసే తీరు అది. గీత మీద మాట మాత్రం ‘మోటారు ఆపు’ అని ఉండేది.

మోటారు జాలీకి నాచు పట్టి నీళ్లు సన్నగా వస్తున్నాయని వెంకటయ్య ఆ రోజు బావిలోకి దిగాడు. స్టార్టర్ డబ్బా పొలానికి అవతలి కొసన, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంటుంది. ఫోన్‌తో మోటారు ఆగడం మొదలైనప్పటి నుంచీ ఫ్యూజులు పీకడానికి అంత దూరం నడిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అతను గొంతు లోతు నీళ్లలో ఉండగా పొద్దు తిరిగింది. నాగేశ్ వంతు వచ్చింది. మోటారు లేచింది. కేబుల్‌కు ఎక్కడో తొక్క లేచిపోయి ఉంది. నీళ్లలోకి కరెంటు పాకింది.

మర్నాడు ఆ వార్త వినగానే నిరోష ఎవరినీ అడగలేదు. కుర్చీలో కూర్చుని గీత మీద మాట మార్చేసింది. ఇంకో బావిలో ఇంకో మనిషి పోకూడదన్నదే ఆమె ఆత్రం. ఆ మాటలు రైతుల ఫోన్లలో ఉండవు, కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. అక్కడ మారిస్తే అన్ని ఫోన్లలోనూ మారిపోతాయి. స్టేషన్ బీరువాలో ఉన్న వెంకటయ్య ఫోన్‌లో కూడా. పోలీసులు దాన్ని తెరిచేసరికి కొత్త మాటలు పొందికగా కూర్చుని ఉన్నాయి.

“లేకుండె,” అంది నిరోష. “మీ ఆయన నిజమే చెప్తుండు. చావైనంక మార్చిన. నేనే మార్చిన.”

స్వరూప ఒక్కసారిగా నిరోష జబ్బ పట్టుకుంది. “మరి ఇన్ని దినాలు నోట్ల మన్ను పోసుకున్నవా?”

“నాగేశ్‌ను పట్టుకపోయిన సంగతి నిన్ననే తెల్సింది.”

“అయితే నడువు. గిప్పుడే స్టేషన్‌కు నడువు.”

“నా ఒక్కదాని మాటకు ఎస్సై ఒప్పుకోడు స్వరూపా. మాట మార్చినమ్మాయి, నాగేశ్ కోసం వచ్చి చెప్తుంది అంటడు. ఆ పొద్దు బావి కాడ ఇంకెవరున్నరు?”

“మా జమ్ములక్క ఉండె. బావ పెండ్లాం.” స్వరూప గొంతు తగ్గింది. “బావనే గీత నొక్కి దిగిండని పోలీసోళ్లకు చెప్పిందంట. నా మొకం చూస్తలేదు. మొన్న నీళ్ల బిందె తీస్కపోతే తన్ని పారబోసింది.”

నిరోష స్కూటీ తాళం తీసింది.

గోపాల్‌పేట దారిలో సగం దూరం పోయాక ఫోన్ మోగింది. మల్లికార్జున్. నిరోష బండి పక్కకు ఆపింది.

“ఎక్కడున్నవ్ నిరోషా?”

“వెంకటయ్య వాళ్లింటికి పోతున్న సార్. గీత మీద మాట చావు తర్వాత మారిందని పోలీసులకు చెప్పాలె.”

అవతల కోపం వినిపిస్తుందని ఎదురుచూసింది. రాలేదు. “నాగర్‌కర్నూల్ రైతులు ఈ నెలలోనే మోటార్లకు మన యాప్ డబ్బాలు బిగించుకుంటున్నరు. ఆ సంగతి నీకు తెలుసు. పాత మాట వల్ల మనిషి పోయిండని తెలిస్తే ఒక్కడు ఉంచుకుంటడా? నువ్వు మంచిపని చేసినవ్. అందరికీ అర్థమయ్యేటట్టు రాసినవ్. అక్కడితో ఊకో.”

“ఒక మనిషి జైలుకు పోతుండు సార్.”

“కోర్టులున్నయ్ గదా, అవి చూసుకుంటయ్. సరే. పోతనంటే పో. నీ ఇష్టం.”

ఫోన్ పెట్టేశాడు. ఇంత తేలిగ్గా ఎలా వదిలాడా అని నిరోషకు క్షణం అనుమానం కలిగింది. వెనక సీటు మీద స్వరూప “నడువు మేడం, నడువు” అని భుజం తట్టడంతో ఆ అనుమానం అక్కడే రోడ్డు మీద ఉండిపోయింది.

జమ్ములమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. కన్నీళ్లు అయిపోయిన మొహం. ఎదురుగా కంచంలో ఎవరో పెట్టిన అన్నం ఎండిపోయి ఉంది.

“ఎవరు బిడ్డా?”

“నీటివంతు కంపెనీ నుంచి వచ్చిన పెద్దమ్మా. పేరు నిరోష. మాది వీపనగండ్ల.”

“కంపెనోళ్లు మొన్ననే వచ్చి పోతిరి గద. మళ్లేంది?”

నిరోష కూర్చోబోయి ఆగింది. “ఎవరొచ్చిన్రు?”

“మీ సారే. అరటిపండ్లు పట్కొచ్చిండు.”

అంతలో గుమ్మంలో స్వరూప నీడ పడింది. జమ్ములమ్మ తలెత్తి చూసి ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. “నువ్వు గడప దాటకు! నీ మొగుడు నా బొట్టు తుడిచిండు. ఇంక ఏం మిగిలిందని చూడనీకి వచ్చినవే?”

“అక్కా, జర ఇను...”

“ఏం ఇనాలె? నీ పానం తీస్త అని మా ఆయనను నడి బజాట్ల అన్నడా లేడా?”

“నీళ్ల కాడ అందరు అంటరక్కా! బావ అనలేదా? నువ్వనలేదా నన్ను?” స్వరూప గడప బయటే చతికిలబడిపోయింది. లోపలికి మాత్రం రాలేదు.

నిరోష జమ్ములమ్మ పక్కన నేల మీద కూర్చుంది. యాప్ తెరిచి ఫోన్ ఆమె చేతికిచ్చింది. “పెద్దమ్మా, ఆ పొద్దు పెద్దాయన ఎట్ల ఆపిండో ఒక్కసారి చూపెట్టు. గంతే. ఇంకేం అడగను.”

జమ్ములమ్మ ఫోన్ అందుకుంది. రెండో ఆలోచన లేదు, తడుముకోవడం లేదు. బొటనవేలు నేరుగా పోయి అడుగున ఉన్న ఎర్ర గీత మీద వాలింది.

ఫోన్ చిన్నగా వణికి ‘ఖాయమేనా?’ అని అడిగింది. నిరోష తొంగి చూసి ఉలిక్కిపడింది. తొందరలో తాను తెరిచింది వేరే పేజీ. అక్కడ కూడా అడుగున ఎర్ర గీతే. దాని మీద ఉన్నది మాత్రం, ‘ఈ ఫోన్‌ను బావి నుంచి తొలగించు.’

“పెద్దమ్మా, నువ్వేం నొక్కినవ్?”

“మోటారు ఆపేది.”

“దాని మీద ఏం రాసుంది?”

జమ్ములమ్మ ఫోన్‌ను వెనక్కి ఇచ్చేసింది. చూపు గోడ మీదికి పోయింది.

“నీకు చదువు రాదు,” అంది నిరోష నెమ్మదిగా. “కానీ నీ వేలు ఎటు పోవాల్నో దానికి తెల్సు. నొక్కి నొక్కి అలవాటైన వేలది. ఆ పొద్దు ఫోన్ ఎవరి చేతుల ఉండె?”

“ఆయన చేతులనే.”

“అక్కా!” గడప అవతలి నుంచి స్వరూప. “బావ బావికాడ ఫోన్ ఎప్పుడు ముట్టిండే? తడి చేతులతోని పాడైతదని దూరంకెల్లి దండం పెడుతుండె. మా ఇంట్ల గూడ గంతే. దిగేది మొగోళ్లు, గట్టు మీద ఫోన్ పట్కొని నిలవడేది మనం. ఊరంత గట్లనే గద!”

జమ్ములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కొంగు తీసి చెప్పడం మొదలుపెట్టింది.

“దిగుతున్న, ఆపు అన్నడు. ఎర్రది నొక్కిన. మోటారు ఆగింది. దిగిండు. నాచు తీసి గట్టు మీదికి ఇసిరిండు. నా కాళ్ల మీద పడితే నవ్విండు గూడ. మళ్ల మునిగిండు. లేశిండు.” ఆమె ఊపిరి తీసుకుంది. “ఆ మోటారు దానంతట అదే గుర్రుమంది బిడ్డా. నేను ఎర్రది నొక్కిన. ఆగలే. మళ్ల నొక్కిన. నొక్కుతనే ఉన్న. ఆయన చేతులు గిట్ల కొట్టుకుంటుంటే చూస్కుంట నొక్కుతనే ఉన్న.”

ఆ నొక్కుడు ఎందుకు పనిచేయలేదో నిరోషకు తెలుసు. అప్పటికి నాగేశ్ వంతు మొదలైపోయింది. జమ్ములమ్మ ఎన్నిసార్లు నొక్కినా ఆ ఫోన్‌కు మోటారును ఆపే హక్కు లేదు. ఏ మాట పెడితే రైతులకు తేలిగ్గా అర్థమవుతుందా అని తాను రోజుల తరబడి కిందామీదా పడింది. గట్టు మీద నిలబడ్డ మనిషి ఆ మాట వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

“ఎర్రది నొక్కితే ఆగుతదని నీకెవరు చెప్పిన్రు పెద్దమ్మా?”

“మీ సారే. డబ్బా బిగించిన దినం ఆడోళ్లందర్ని అరుగు మీద కూసోబెట్టి చెప్పిండు. సదువు రాకున్న పరేషాన్ గాకున్రి అమ్మా, ఎర్రది నొక్కితే మోటారు బందయితది, అన్నడు. అందరం చప్పట్లు కొడితిమి.”

“మొన్న అరటిపండ్లు తెచ్చినప్పుడు ఏమన్నడు?”

“నువ్వు నొక్కినవని ఎవ్వరికి చెప్పకు, నిన్నే లోపలేస్తరు అన్నడు. పెండ్లామే మొగుణ్ని చంపుకుందని ఊరంత ఉమ్మేస్తది అన్నడు. ఆయనే నొక్కిండని చెప్తే నీ జోలికెవరు రారు అన్నడు.”

గడప బయట స్వరూప ఏడుపు ఆగిపోయింది. “అంటే నా మొగుడు ఏం చెయ్యలేదని నీకు ముందుకెల్లి తెల్సునా అక్కా?”

జమ్ములమ్మ తోడికోడలి వైపు చూసింది. “తెల్సు,” అంది. “రాత్రిళ్లు నిద్ర పడుతలేదు. గని భయమైంది.”

చివరికి జమ్ములమ్మే గోడ పట్టుకుని లేచింది. “బిడ్డా, నేనొస్త. నేనే నొక్కిన అని చెప్త. గని ఆ అక్షరాలు అప్పుడు వేరే ఉండెనని నువ్వు చెప్పాలె. నేనొక్కదాన్ని చెప్తే నన్ను బతకనియ్యరు.”

“చెప్త పెద్దమ్మా. నీ పక్కనే నిలవడి చెప్త.”

“ఒట్టా?”

“ఒట్టు.”

జమ్ములమ్మ గుమ్మం దాటుతూ స్వరూప ముందు ఆగింది. “ఏడ్సింది చాలు. లే. పోయి ఆటో పిలువు.”

స్టేషన్‌లో ఎస్సై మధ్యాహ్నం భోజనం చేసి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. నాగేశ్‌ను కోర్టుకు తీసుకుపోయే కాగితాలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. ముగ్గురు ఆడవాళ్లు ఒక్కసారే లోపలికి రావడం చూసి కుర్చీలో ముందుకు జరిగాడు.

“సార్, ముందు నేను చెప్త...” అని మొదలుపెట్టింది నిరోష.

“నువ్వెవరో నాకు తెల్సు. ఆగు. ముందు పెద్దమనిషిని చెప్పనియ్.”

జమ్ములమ్మ చెప్పింది. తడబడింది గాని దాచలేదు. ఫోన్ మొదటి నుంచీ తన చేతిలోనే ఉందని, ఆయన దిగకముందు తానే నొక్కానని, మోటారు లేచాక కూడా నొక్కుతూనే ఉన్నానని, తనకు చదువు రాదని అంతా చెప్పింది. రైటరు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ వేలికి అంటిన సిరాను జమ్ములమ్మ కొంగుకు తుడుచుకుని, ఇక నీ వంతు అన్నట్టు నిరోష వైపు చూసింది.

“సార్, ఆ రోజు గీత మీద ‘మోటారు ఆపు’ అని మాత్రమే ఉంది,” అంది నిరోష. “చావు జరిగిన మర్నాడు నేను మార్చాను. నాగేశ్ చెప్పేది నిజం. మోటారు పూర్తిగా ఆగిందనే అతను కూడా అనుకున్నాడు. ఆ మాట చూస్తే ఎవరైనా అట్లనే అనుకుంటరు.”

ఎస్సై బల్ల మీద ఉన్న తన ఫోన్ తీసి, ఏదో వెతికి, ఆమె వైపు తిప్పాడు.

“మీ కంపెనోళ్లు పంపిన్రు. గంట కూడా కాలే. చూడు.”

నిరోషకు బాగా తెలిసిన పేజీ అది. ఎవరు ఏ మాట ఎప్పుడు మార్చారో చూపించేది. పాత మాట: మోటారు ఆపు. కొత్త మాట: నా వంతు మాత్రమే ఆపు. మార్చినవారు: నిరోష. తేదీ దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. వెంకటయ్య చనిపోవడానికి ముందు రోజు.

“ఇది తప్పు సార్. తేదీ మార్చిన్రు. సర్వర్ వాళ్ల చేతుల ఉంటది, ఏమైనా చేస్తరు. ఉండండి, నేను చూపెడత...” ఆమె తన ఫోన్‌లో కంపెనీ పేజీ తెరిచింది. పాస్‌వర్డ్ కొట్టింది. మళ్లీ కొట్టింది. ‘మీకు ప్రవేశం లేదు’ అని వచ్చింది. ఆ మాట కూడా తాను రాసిందే.

సరే, పోతనంటే పో. నీ ఇష్టం. మల్లికార్జున్ గొంతు ఎందుకంత నిమ్మళంగా ఉందో నిరోషకు ఇప్పుడు అర్థమైంది.

“అంటే ఆ దినం గీత మీద సాఫ్‌గనే రాసుండె,” అన్నాడు ఎస్సై. “నాగేశ్‌కు సదువొస్తది. వంతు రాంగనే మోటారు లేస్తదని వానికి తెల్సు. కేసు ఎక్కడున్నదో అక్కడనే ఉన్నది. మారింది ఒక్కటే.” అతను జమ్ములమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, ఫోన్ మొదటికెల్లి నీ చేతులనే ఉండె అన్నవ్. వెంకటయ్య నీళ్లల్ల ఉన్నప్పుడు గూడ నీ చేతులనే.”

“అవ్ సారూ.”

“వెంకటయ్య ముట్టలే.”

“ముట్టలే.”

ఎస్సై ఫోన్ కాల్స్ వివరాలున్న ఒక కాగితం లాగి ముందు పెట్టుకున్నాడు. “గీత నొక్కినంక, మోటారు లేవకముందు, నాగేశ్ ఫోన్‌కెల్లి వెంకటయ్య ఫోన్‌కు కాల్ వచ్చింది. ఎత్తిన్రు. మాట్లాడిన్రు. ఇన్ని దినాలు నేను అన్నదమ్ములు మాట్లాడుకున్నరనుకున్న. వెంకటయ్య దిగకముందు మాట్లాడిండనుకున్న.” కాగితం మీద వేలు పెట్టి ఆపాడు. “నీ మాట ప్రకారం ఆయన బావిలున్నడు. ఫోన్ నీ చేతులుంది. మరి నాగేశ్‌తోని మాట్లాడిందెవరు?”

జమ్ములమ్మ సిరా మరక పడ్డ కొంగును పిడికిట్లో నలిపింది.

“మొగుణ్ని పోగొట్టుకున్నదానివి,” అన్నాడు ఎస్సై, గొంతు తగ్గించి. “మరిదిని బయటికి తేనీకి నేరం నీ నెత్తిన ఏసుకుంటనని వచ్చినవ్. ఏంది కథ?”

“సార్, అట్ల మాట్లాడకండి,” అంది నిరోష. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. రైటరు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పెద్దమ్మా, ఎవరూ మాట్లాడలేదని చెప్పు, తప్పు నంబరని చెప్పు, ఏదో ఒకటి చెప్పు అని నిరోష లోలోపల గింజుకుంటోంది. జమ్ములమ్మ మాత్రం తల దించేసుకుంది. అన్యాయపు నింద పడ్డ మనిషి తల దించినట్టు లేదది.

స్వరూప అందరికన్నా ముందు అది చూసింది. అంతవరకూ అక్క భుజం మీద ఉన్న చెయ్యి తీసేసింది. ఒక అడుగు వెనక్కి వేసి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“అక్కా,” అంది. “బావ నీళ్లల్ల ఉండంగ, నా మొగునితోని ఏం మాట్లాడినవ్?”